తిరగబడ్డ కార్బన్

టైపక్క పోయిందని మా తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను మధురవాడలో మా కాలేజీ స్టాఫ్ రూములో ముక్కుకి గుడ్డ కట్టుకుని జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఊరంతా ఫ్లూ భయంతో మందుల షాపుల ముందు మాస్కుల కోసం వరస కట్టిన రోజులవి. "ఫ్లూయేనా?" అని అడిగాను. "కాదక్కా, గుండె. మొన్న మధ్యాహ్నం అంట. సమాధి కూడా అయిపోయింది" అన్నాడు వాడు. వాడు టైపు లోయర్ పాసయింది ఆవిడ చేతి కిందే. ఫోన్ పెట్టేశాక జవాబు పత్రాలు దిద్దడం నావల్ల కాలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాయబోయి భంగపడ్డాను. ఎమ్మెస్సీలో మా డిసర్టేషన్‌కి మొదట్లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉండేది. గైడు గారికీ, హెడ్డు గారికీ, అమ్మానాన్నలకీ దణ్ణాలు పెట్టుకున్నాక చివర్న ఆవిడ పేరు కూడా రాసి ఇచ్చాను. పేజీ టైపయి వచ్చింది. అందరూ ఉన్నారు, ఆవిడ మాత్రం లేదు. ఇదేంటక్కా అంటే, "నా పేరు నానే కొట్టుకోడమేటి, సిగ్గు నేదా?" అంది. ఆ మాటని నేను ఇప్పుడు కూడా మీరలేను.

గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద ఒక స్వీటు షాపు పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే టైపు ఇన్‌స్టిట్యూట్ వచ్చేది. పన్నెండు మిషన్లు, పన్నెండు ఎత్తు స్టూళ్లు. కింద లారీ వెళ్తే పైన కిటికీ రెక్కలు ఊగేవి. ఓనరు ఎవరో వేరే. నెలకోసారి కనిపించి వెళ్లిపోయేవాడు. నడిపేది ఈవిడే. కిటికీ పక్క మిషను ఆవిడది. దాని మీద బయటి పనులు కొట్టేది: కోర్టు కాగితాలు, పోర్టు ఉద్యోగుల అర్జీలు, మాలాంటి వాళ్ల డిసర్టేషన్లు.

మనిషి బక్కపలచన. కాటన్ చీర, ఎడమ మణికట్టుకి ఎప్పుడూ ఒక చేతిరుమాలు చుట్టి ఉండేది. కీల వంక చూడడం నేనెప్పుడూ ఎరగను. తన పని తను చేసుకుంటూనే మిగతా పదకొండు మిషన్ల చప్పుడూ వినేది. ఉన్నట్టుండి తలెత్తకుండా ఒక కేక వేసేది: "మూడో మిషను! సిటికెన వేలు ఏ పెళ్లికి ఎల్లినాది?" మూడో మిషను ముందున్న అమ్మాయి బిత్తరపోయి చిటికెన వేలు దాని కీ మీదికి తెచ్చుకునేది. చెవితోనే ఎలా పట్టుకునేదో నాకు అంతుచిక్కలేదు.

తప్పుల మీద రాసి దిద్దుకునే తెల్లరంగు సీసాని ఆవిడ సున్నం అనేది. "సున్నం గోడకి ఎయ్యాల. కాయితానికి ఎయ్యడమేటి?" ఒక అక్షరం తప్పితే పేజీకి పేజీ లాగేసి మళ్లీ మొదట్నుంచీ కొట్టేది. ఇప్పట్లో అలాంటి మనిషిని చాదస్తం అని మూలన కూర్చోబెడతారు. మేమూ అన్నాం, ఆవిడ వినబడని దూరంలో.

ఒకసారి ఇద్దరు అమ్మాయిలు ఒకే పాఠం కొట్టిన పేజీలు ఆవిడ చేతికిచ్చారు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం చూసింది. "నీ తప్పులన్నీ దీని పేజీలో ఉన్నాయి. దీని తప్పులు నీ పేజీలో నేవు. అంటే నిన్ను సూసి అది కొట్టినాది" అని తీర్పు చెప్పేసింది. రెండో అమ్మాయి మొహం మాడిపోయింది. నేను పక్కనే ఉండి పకపకా నవ్వాను. అది ఎంత పెద్ద విద్యో అప్పుడు నాకు తెలియలేదు.

మాది గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. నాన్నగారికి పోర్టులో ఉద్యోగం. మా మాటలో అండీలు ఎక్కువని ఆవిడకి ఒకటే వేళాకోళం. "మీ గోదారోలు గుమ్మం తగిలినా, తప్పుకోండి అంటారేటి?" అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆవిడ అత్తగారు ఫిషింగ్ హార్బర్‌లో చేపలు అమ్మేది, భర్త బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. అలాంటి ఇంటి కోడలు చేప ముట్టదు! మా అమ్మ చేసిన వంజరం వేపుడు ఒక మధ్యాహ్నం డబ్బాలో తీసుకెళ్తే మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది.

"నాను సేపలు తినను."

"అదేంటక్కా, మీ అత్తగారు అమ్మేదే చేపలు కదా?"

"అందుకే తినను" అని మిషను వైపు తిరిగిపోయింది. అత్తాకోడళ్ల గొడవ కాబోలు అనుకుని నా వేపుడు నేనే తిన్నాను.

నా డిసర్టేషన్ శ్వాసకోశ వైరస్‌ల గురించి. అవి మన ఒంట్లోకి వచ్చి తమ ఆర్‌ఎన్‌ఏకి నకళ్లు ఎలా తీసుకుంటాయన్నది విషయం. నేను లోకానికి కొత్తగా చెప్పిందేమీ లేదు, లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి పోగేసిందే. గైడుకొకటి, డిపార్టుమెంటుకొకటి, లైబ్రరీకొకటి, నాకొకటి, మొత్తం నాలుగు ప్రతులు కావాలి. అంటే నాలుగు కాగితాలు, మధ్యలో మూడు కార్బన్లు. ఆవిడ ఒక్కొక్క కార్బన్‌నీ కిటికీ వెలుగులో చూసి, అరిగిపోయిందనిపిస్తే పక్కన పడేసి అప్పుడు మిషను ఎక్కించేది.

రెండో రోజునే టైపు ఆపి అడిగింది. "నాకు ఇంగిలీసు వొచ్చును గానీ ఇందులో సంగతి రాదు. ఏటి రాసినావో సెప్పు. తెలీకుండా కొడితే నా సేతులు ఊరుకోవు."

చెప్పాను. మనకి జలుబూ ఫ్లూ తెచ్చే వైరస్‌లలో చాలావాటి దగ్గర ఉండేది ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ పోగు. తమలాంటి వాటిని తయారు చేసుకునే సమాచారమంతా ఆ పోగు మీదే ఉంటుంది. తమాషా ఏమిటంటే ఫ్లూలాంటి వాటిలో అది తిన్నగా ఉండదు, తిరగేసి ఉంటుంది. మన కణానికి దాన్ని చదవడం రాదు. తిరగేసిన దాన్ని తిన్నగా మార్చే పనిముట్టు కూడా మన దగ్గర లేదు. అందుకని ఆ పనిముట్టుని వైరస్ తనతోపాటే మూట కట్టుకుని తెచ్చుకుంటుంది. దాని పేరు పాలిమరేజ్. అది ముందు తిన్నని నకలు ఒకటి తీస్తుంది. ఆ నకలు చూసి కణం వైరస్‌కి కావలసిన ప్రోటీన్లు చేసిపెడుతుంది. ఆ తిన్నని దాన్నుంచే మళ్లీ తిరగేసిన నకళ్లు బోలెడు పుడతాయి, కొత్త వైరస్‌లలోకి సర్దుకుని బయటికి పోతాయి.

ఆవిడ చెయ్యి ఆపి విన్నది. "అయితే మిషనూ టైపిస్టూ సంచీలో పెట్టుకునే వొస్తాదన్నమాట. కాయితం మాత్రం మనింటిది."

మూడు వారాలు లైబ్రరీలో కూర్చున్నా నాకు ఆ ముక్క తట్టలేదు. నిజంగానే ఆ నకళ్లకి కావలసిన ముడిసరుకంతా మన కణానిదే.

"మరి తప్పు కొడితే ఏటి సేత్తాది?" అంది.

"ఏమీ చెయ్యదక్కా. వీటిలో చాలావాటికి దిద్దే ఏర్పాటు లేదు. నకలు నకలుకీ ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతూనే ఉంటుంది."

"దిద్దకుండా ఒగ్గేస్తాదా?" ఆవిడ మొహంలో అసహ్యం. నేను దాచకుండా చెబుతున్నాను, వైరస్ మీద అంత సొంత కోపం ఏ ప్రొఫెసర్‌లోనూ చూడలేదు. "సిగ్గు నేదు దానికి."

"ఆ సిగ్గు లేకపోవడమే దాని బలం. తప్పుల్లో చాలావరకు పనికిరాని నకళ్లే. ఎప్పుడో ఒక తప్పు మాత్రం దానికి కలిసొస్తుంది. ఫ్లూ వేషం మార్చుకుని మన ఒంటికి ఆనవాలు దొరక్కుండా మళ్లీ వచ్చేది అలాగే." ఆవిడ పెదవి విరిచి మళ్లీ టైపులో పడింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం కాలేజీ నుంచి తిన్నగా అక్కడికే వెళ్లేదాన్ని. పేజీలు తెచ్చుకోవడానికి అని ఇంట్లో చెప్పేదాన్ని గానీ, వెళ్లేది ఆవిడ ప్రశ్నల కోసం. నా చదువు గురించి నన్ను అంత శ్రద్ధగా అడిగిన మనిషి అంతకు ముందు లేదు, నిజం చెప్పాలంటే ఆ తర్వాతా లేదు.

నాలుగో అధ్యాయం కొడుతున్న రోజు నేను వెళ్లేసరికి ఆవిడ మిషనులోంచి తీసిన కాగితాలు చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. మొదటి కాగితం ముందువైపు బాగానే ఉంది. రెండో కాగితం ఖాళీ. మొదటి కార్బన్ తిరగబడింది. రెండో కాగితం మీద పడాల్సిన అక్షరాలన్నీ మొదటి కాగితం వీపు మీద, అద్దంలో కనిపించినట్టు ఎడమ కుడిగా పడ్డాయి. టైపు నేర్చుకునే వాళ్లు మొదటి వారంలో చేసే పొరపాటు అది. ఆవిడ చేసింది!

"అక్కా! మీరే!" అని ఎగిరి గంతేశాను. నా సంతోషం పొరపాటు పట్టుకున్నందుకు కాదు. ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి, "ఇదేనక్కా, వైరస్ దగ్గరుండేది ఇదే! చదవడానికి రాదు. దీన్నుంచి ఇంకో అచ్చు తీస్తే తిన్నగా వస్తుంది. ఆ తిన్నగా వచ్చిన దాన్నుంచి మళ్లీ ఇలాంటిది" అంటూ వాగుతూనే ఉన్నాను. పుస్తకంలో బట్టీ పట్టిన విషయం నాకు నిజంగా అర్థమయింది ఆ క్షణంలోనే. ఆ కాగితం అడిగి తీసుకున్నాను. తర్వాత వైవాలో అదే చూపించి ఎగ్జామినర్ చేత శభాష్ అనిపించుకున్నాను కూడా. ఆవిడ మాత్రం కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. ఆ పేజీలో ఏముందో నేను చూడలేదు. రాసింది నేనే.

మర్నాడు వెళ్లేసరికి పేజీ మళ్లీ కొట్టి పెట్టి ఉంది. ఆవిడ నన్ను స్టూలు మీద కూర్చోమంది.

"నిన్నటి పేజీలో పెద్దోలకి ఒట్టి జలుబేననీ, అదే పసిగుంటలకి వొస్తే ప్రాణం మీదికి వొస్తాదనీ రాసినావు. నిజమేనా?"

"నిజమేనక్కా. పెద్దవాళ్లకి ముక్కు కారి పోతుంది. పసిపిల్లల ఊపిరితిత్తుల్లో గొట్టాలు మరీ సన్నం. వాచి మూసుకుపోతాయి."

"రెండూ ఒకటే పురుగేనా?"

"ఒకటే."

ఆవిడ మణికట్టు మీది రుమాలు విప్పి మళ్లీ చుట్టుకుంది. అప్పుడు చెప్పింది. ఎనిమిదేళ్ల కిందట ఆవిడకొక పాప. అయిదు నెలల పిల్ల. "ముందు నాకు ముక్కు కారినాది. నాలుగు రోజులకి పాపకి. డొక్కలెగరేసినాది. పెద్దాసుపత్రికి ఎత్తుకెల్లినాం. రెండ్రోజులు ఉన్నాది." రుమాలు అంచు సరిచేసుకుంది. "నాను పొద్దున్నే ఇక్కడికి రావాల కదా. మా అత్త పాపని ఎత్తుకుని తెల్లారగట్ట హార్బరుకి ఎల్లీది. సేపలు ఏలంపాటకి ఎట్టీ సోట, ఐసు పక్కన ఒళ్లో ఎట్టుకుని కూకునీది. ఆ ఐసు గాలికే నా బిడ్డ పోనాదని ఆవిణ్ని నానా మాటలూ అన్నాను. ఇల్లు ఒగ్గేసి ఇక్కడికి వొచ్చీసినాం. మళ్లీ మొహం సూడలేదు. ఐసు గాలి కాదా?"

"ఐసు గాలికి వైరస్ పుట్టదక్కా. మనిషి నుంచి మనిషికి రావలసిందే."

"మరయితే నా దగ్గర్నుంచేనా?"

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. తెలియదు అన్న మాట పరీక్షలో సున్నా తెచ్చిపెట్టే మాట, అది నా నోటికి అలవాటు లేదు. అడిగింది ఒక తల్లి అని కూడా ఆలోచించలేదు. వైవాకి ముందే ఒక ప్రశ్న వచ్చిందన్నంత చురుగ్గా, "అవునక్కా. మీకు ముందొచ్చింది కాబట్టి మీ దగ్గర్నుంచే వెళ్లుంటుంది" అన్నాను.

"అలగా" అంది ఆవిడ. నాలుగు కాగితాలు సర్దుకుని, మూడు కార్బన్లు వెలుగులో చూసుకుని, అయిదో అధ్యాయం మొదలుపెట్టింది. ఆ రోజు ఒక్క తప్పు కూడా పోలేదు.

నేను పాసయ్యాను. పాలకోవా పట్టుకెళ్తే అందరికీ పంచి, తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. తర్వాత నాకు ఉద్యోగం, బస్సులు, పెళ్లి. ఏడాదిన్నర తర్వాత ఒక చలికాలం తమ్ముణ్ణి టైపులో చేర్పించడానికి మళ్లీ ఆ మెట్లెక్కాను. ఆవిడ కిటికీ పక్క మిషను దగ్గర లేదు. అందరికీ దూరంగా ఆ మూల గోడవారన కూర్చుని ఉంది. మణికట్టుకి ఉండాల్సిన రుమాలు ముక్కూ నోరూ మూసి వెనక్కి ముడేసి ఉంది. ముక్కుకి గుడ్డ కట్టుకున్న మనిషిని ఆపరేషన్ థియేటర్లో తప్ప ఎవరం చూడని రోజులవి. ఒకావిడ చంకలో పిల్లతో ఏదో అర్జీ కొట్టించుకోవడానికి వచ్చింది. "అమ్మా, పాపని ఇటు తేకు. అక్కడే నిలబడి సెప్పు. నాకు జలుబు" అంటూ చేత్తో ఆపేసింది. "మేడమ్‌గారికి జలుబొస్తే కర్ఫ్యూ పెడతారండి" అని ఒక అమ్మాయి నా చెవిలో నవ్వింది. ఆ గుడ్డ కట్టింది నేను.

ఆ రోజే చెప్పాల్సింది. రేపు చెబుదాం, వచ్చే నెల చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపేశాను. పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక నా జవాబు ఎంత డొల్లో ఒక్కొక్కటే తెలిసివచ్చింది. పసిపిల్లల్లో ఆ జబ్బు తేగలిగిన వైరస్‌లు ఒకటి కాదు. తల్లికి ఒకటీ బిడ్డకి ఇంకొకటీ ఉండొచ్చు. ఇద్దరికీ ఒకటే అయినా ఇద్దరికీ మూడో మనిషి అంటించి ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో పట్టుకునే దారి ఇప్పుడు కొంత ఉంది. ఆ దారి టైపక్కదే. నకళ్లలో పడ్డ తప్పుల్ని పక్కపక్కన పెట్టి చూడడం, ఎవరి తప్పులు ఎవరి దగ్గర ఉన్నాయో పోల్చడం. క్లాసులో ఆ ఇద్దరమ్మాయిల కథతోనే ఈ పాఠం మొదలుపెడతాను. కాకపోతే పోల్చడానికి నమూనాలు ఉండాలి. ఆ పాప నుంచి ఎవరూ ఏదీ తీసి దాచలేదు.

చివరికి వెళ్లేసరికి ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. అంతటా కంప్యూటర్లు వచ్చేశాయి. కింద స్వీటు షాపతను, ఆవిడ హార్బర్ దగ్గర అత్తగారింట్లో ఉంటోందని చెప్పాడు. నేను సరిగా విన్నానా అని రెండుసార్లు అడిగాను.

ఇల్లు పట్టుకునేసరికి మధ్యాహ్నం అయింది. గుమ్మంలో వలలు ఆరేసి ఉన్నాయి. లోపల పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. నన్ను చూసి, "గోదారోలమ్మాయే! రాండి రాండి, కూకోండి" అని నా అండీలన్నీ నాకే తిప్పికొట్టి, కంచం ముందు కూర్చోబెట్టేసింది. చిక్కిపోయింది, జుట్టు సగం నెరిసింది. తనూ కంచం పెట్టుకుని పులుసు వేసుకుంది. నేను ఆవిడ కంచం వైపే చూస్తున్నానని గమనించింది.

"తింతన్నాను. నువ్వు సెప్పిన సాయంత్రమే ఇక్కడికి బస్సెక్కినాను. ఈ గుమ్మంలోనే నిలబడి, నీ ఐసు కాదత్తా, నా జలుబు అన్నాను. ఎనిమిదేళ్లయినాది గదా, తిడతాదనుకున్నాను. లోపలికెల్లి కంచం ఎట్టినాది. కిందటేడు వరకూ ఉన్నాది మాయత్త. నా సేతుల్లోనే పోనాది."

ఇది విన్నాక నోరు మూసుకోవాల్సింది. కానీ ఏళ్ల తరబడి గొంతులో మోసుకు తిరిగిన మాట, ఆగలేదు. "అక్కా, ఆ రోజు నేను తెలియకుండా చెప్పాను. మీ దగ్గర్నుంచే అని ఎవరూ చెప్పలేరు. బస్సులో ఎవరో, చర్చి ప్రార్థనలో మీ పక్కన ఎవరో, పాపని ముద్దు చేసిన మనిషి ఎవరో. ఎవరైనా అయ్యుండొచ్చు. మీరు అన్నేళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని..." ఏడ్చాను.

ఆవిడ నన్ను ఏడవనిచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది. "అయితే ఎవుల్దో తెలీదంటావు."

"తెలియదక్కా."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ."

గరిటెతో నా కంచంలో పులుసు పోసింది. "ఒగ్గీ తల్లీ. నా దగ్గరే ఉండనీ. అయిదు నెలలు. దానికి నాను ఏటి ఇచ్చినాను, పాలు ఇచ్చినాను. ఆ జలుబు కూడా నాదే. ముక్కూ మొహం తెలీనోలు ఎవులో ఇచ్చినదాంతో నా బిడ్డ పోనాదంటే నాను ఓర్సుకోలేను."

నేను తల ఊపి అన్నం కలుపుకున్నాను. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు, వెళ్లడానికి మొహం చెల్లలేదు. వైరస్ గురించి అన్ని మాటలు చెప్పినదాన్ని, ఆ పాప ఎవరి పోలిక, నవ్వేదా, అప్పటికి బోర్లా పడేదా అని ఒక్కసారైనా అడగలేదు. అడిగి ఉంటే ఆవిడ చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి సాయంత్రం దాకా చెప్పేది. ఆ సాయంత్రం నాకు కావాలి.